వాకిటి కుక్కకు యజమాని ఎవరు?

పావగడ తాలూకాలోని ఏ పల్లెకు పోయినా తెల్లవారుజామున మొదట ఎదురయ్యేది కుక్కే. రచ్చకట్ట వద్ద రెండు, పాలకేంద్రం ముందు మూడు, నాలుగిళ్లకు ఒకటి చొప్పున వీధి పొడుగునా మరికొన్ని. రాత్రివేళ పరాయి మనిషి అలికిడి అయినప్పుడు వీధి వీధంతా “మన కుక్క మొరుగుతున్నది” అని లేస్తుంది. అదే కుక్క మరునాడు బడికి పోయే పిల్లవాని పిక్క పట్టుకుంటే, అదే వీధి “ఎవరి కుక్కో ఏమో!” అంటుంది. కాపలాకు అందరిదీ, కాటుకు ఎవరిదీ కాదు. ఈ రెండు మాటల నడుమ ఉన్న సందులోనే పిల్లల ప్రాణాలూ పోతున్నవి, కుక్కల ప్రాణాలూ పోతున్నవి.

కుక్కలను ప్రేమించేవారు ఒకవైపు, వాటిని చూసి భయపడేవారు మరొకవైపు నిలిచి వాదించుకోవడం ఇటీవల పల్లెలకు కూడా వచ్చిన అలవాటు. ఒకరు అన్నం పెడతారు, మరొకరు రాయి విసురుతారు. అన్నం పెట్టే చేయి టీకా వేయించదు. రాయి విసిరే చేయి పంచాయతీకి అర్జీ వ్రాయదు. ఇద్దరూ కోరేది నిజానికి ఒక్కటే: ఊరిలో కుక్క కరవకూడదు, కరచినా మనిషి చావకూడదు. దానికి మార్గం ఉన్నది. ఆ మార్గం మొదటి మెట్టు, ప్రతి వాకిటి కుక్కకూ ఒక యజమాని ఏర్పడడం.

ఈ నేలపై కుక్కకు గల చోటు

చాలా దిక్కుల ఆంధ్రప్రదేశ్ భూమి చుట్టుకొని ఉన్న కర్ణాటక తాలూకా పావగడ. వాన తక్కువ, రాతిగుట్టలు ఎక్కువ. వేరుశనగ చేను, గొర్రెల మంద, రెంటికీ కాపలా అవసరం. గుట్టల్లో చిరుత ఉన్నది, చేలమీదికి అడవి పందులు వచ్చి పడతాయి. తిరుమణి, వళ్లూరు ప్రాంతాలలో సుమారు 13 వేల ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ ఉద్యానం వెలసిన తరువాత చాలా భూమి కంచె వెనుకకు పోయినది. మేత వెదకుతూ మందను దూరం తోలుకుపోయే కాపరికి రాత్రిపూట తోడు కుక్కే. కనుక ఇక్కడ కుక్క ముద్దుకొరకు పెంచుకునే ప్రాణి కాదు, ఇంటి పనిలో భాగస్వామి.

ఈ భాగస్వామ్యం నేటిది కాదు. కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949–50 నాటి కన్నడ శిలాశాసనం ఒకటి దొరికినది. గంగరాజు బూతుగుని కొలువులోని మణలేరుడను వీరుడు, యుద్ధంలో చూపిన పరాక్రమానికి బహుమతిగా రాజును కోరినది ‘కాళి’ అనే వేటకుక్కను. ఆ కుక్క ఒక పెద్ద అడవి పందితో పోరాడగా రెండూ అక్కడే మరణించినవి. దానికి గుర్తుగా గుడి ముందు రాయి నిలిపి, భూమిని దానమిచ్చి, ఆ రాతికి పూజ జరిగే ఏర్పాటు చేసినారు. రాతిపై కుక్కా పందీ తలపడిన బొమ్మ ఉన్నది. వెయ్యేండ్ల క్రితమే ఒక కుక్కకు పేరుండెను, యజమాని ఉండెను, అది చనిపోతే బాధపడిన మనిషి ఉండెను. నేటి వీధి కుక్కకు ఆ మూడూ లేవు.

పురాణాలలోనూ కుక్కకు చోటు తక్కువేమీ కాదు. భైరవునికి వాహనం, దత్తాత్రేయుని పాదాల చెంత నాలుగు వేదాలకు సంకేతం. మహాప్రస్థానంలో తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు నిలిచిన కథ పల్లెటూరి అవ్వలకు కూడా తెలుసు. “గ్రామసింహం” అని పేరుపెట్టి, ఎంగిలి విస్తరి వద్ద తన్నడం మాత్రం మనిషి తరువాత నేర్చుకున్న విద్య.

నాటు కుక్కా, సీమ కుక్కా?

కుక్కల ప్రేమికుల మధ్య మొదటి తగాదా జాతిని గురించి. పట్టణంలో చూచి మోజుపడి వేలకు వేలు పోసి విదేశీ కుక్కపిల్లను తెచ్చుకునే కుటుంబాలు సరిహద్దు పల్లెల్లోనూ పెరిగినవి. కుక్కకు మనిషివలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే అది ప్రధానంగా వేడిని దించుకుంటుంది. మంచు దేశపు దట్టమైన బొచ్చుగల కుక్కను, ముక్కు లోపలికి అణగిపోయి ఊపిరికే కష్టపడే పొట్టిమూతి కుక్కను పావగడ ఏప్రిల్ ఎండలో రేకుల కొట్టంలో కట్టివేయడం ప్రేమ అనిపించుకోదు.

పొట్టి వెంట్రుకలు, పొడుగు మూతి, సన్నని ఒళ్లు గల నాటు కుక్క ఈ ఎండకు తగినట్లు తరతరాలుగా మలచబడినది. మన దేశపు జాతులకు పేరు లేకపోలేదు. కర్ణాటకలోని బాగలకోటె జిల్లా ముధోళ పేరుమీద ప్రసిద్ధమైన వేటకుక్క బొమ్మతో 2005లో తపాలా శాఖ బిళ్ల విడుదల చేసినది. తరువాత భారత సైన్యం కూడా ఆ జాతిని శిక్షణకు తీసుకున్నది. ఆంధ్ర తీరంలో, కొల్లేటి పరిసరాలలో బాతుల మందలను కాచిన జోనంగి కుక్క తెలుగువారిది. వీటికి దొరికిన గౌరవం వీధిలోని నాటు కుక్కకు దొరకకపోవడానికి దానికి చీటీ లేకపోవడమే కారణం. నమ్మకంలో, తెలివిలో అది ఎవరికీ తీసిపోదు.

అందముకొరకు చెవులు, తోక కోయించడం కొందరికి గొప్ప. కుక్కకు తోక ఒక నాలుక వంటిది. భయం, సంతోషం, కోపం అన్నీ దానితోనే చెబుతుంది. తోక కోస్తే దాని మాట కోసినట్లే.

ఏమి పెట్టవలెను? ఏమి పెట్టరాదు?

రెండవ తగాదా తిండిది. మాంసం లేకపోతే కుక్క బ్రతకదని ఒకరు, రాగి ముద్ద చాలునని మరొకరు. నిజం నడుమ ఉన్నది. వేలాది ఏండ్లు మనిషితో కలిసి బ్రతికినందున కుక్క పొట్ట గంజిని, ముద్దను అరిగించుకోగలదు. అయితే ఒట్టి ముద్ద, ఒట్టి మజ్జిగ చాలవు. ఉడికించిన గుడ్డు, కొంత మాంసమో చేపో, పప్పో తోడు కావలెను. ఈనిన కుక్కకూ, పెరిగే పిల్లకూ ఇది మరింత అవసరం. నీళ్ల చిప్ప రోజంతా నిండుగా ఉండవలెను. ఎండాకాలం వీధిలో తిరిగే కుక్కకు అన్నం కంటె నీరే ముందు.

పెట్టరానివి కొన్ని ఉన్నవి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలను చెడగొడతాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను, చాక్లెట్ గుండెను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముక సూదుల వలె చీలి పేగుకు గుచ్చుకుంటుంది.

ఈ తాలూకాకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండు. మొదటిది బూజు పట్టిన వేరుశనగ. కోతకాలంలో వానకు తడిసిన కాయలో పుట్టే ఒక బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. మనిషికి పనికిరాదని ప్రక్కన పడవేసిన పప్పు, నల్లబడిన వేరుశనగ చెక్క “కుక్కకు వేద్దాములే” అని వేయడం ప్రమాదం. ఈ విషానికి కుక్క కాలేయం త్వరగా లొంగుతుంది. ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు.

రెండవది, గొర్రెను కోసిన చోట పారవేసే పచ్చి పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు. వాటిలో నీటి బుడగలవలె కనిపించే తిత్తులు ఉంటే అవి ఒక రకం బద్దెపురుగు పిల్లలు. కుక్క వాటిని తింటే దాని పేగులో ఆ పురుగు పెరిగి, దాని మలంతో కంటికి కనిపించని గుడ్లు బయటికి వస్తాయి. ఆ మట్టిలో ఆడి చేతులు కడుగని పిల్లవాని కడుపులోకి ఆ గుడ్లు పోతే, ఏండ్ల తరువాత వాని కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో అదే నీటితిత్తి పెరుగుతుంది. దీనినే హైడాటిడ్ వ్యాధి అంటారు. శస్త్రచికిత్స దాకా పోయే ఈ జబ్బును ఆపడం చాలా తేలిక: తిత్తులున్న భాగాలను కుక్కకు వేయక లోతుగా పూడ్చవలెను, పశువైద్యుని సలహాతో కుక్కకు తప్పక నట్టల మందు ఇవ్వవలెను, పిల్లలకు చేతులు కడుక్కోవడం నేర్పవలెను.

గొలుసా, స్వేచ్ఛా?

కట్టివేస్తే కుక్క ఉగ్రంగా తయారవుతుందని, కాపలా బాగా కాస్తుందని ఒక నమ్మకం. రాత్రింబవళ్లు కట్టిన కుక్క ఉగ్రం అవుతుంది, నిజమే. కానీ అది ధైర్యం కాదు, భయం. పారిపోయే దారి లేని ప్రాణికి మిగిలేది కరవడమే. గొలుసు తెంచుకున్న నాడు అది దొంగను వెదకి కరవదు, ఎదుట పడిన పిల్లవానిని కరుస్తుంది.

అట్లని పూర్తిగా వదిలివేయడమూ స్వేచ్ఛ కాదు. అదుపులేని కుక్క మోటారు సైకిళ్ల వెంట పరుగెత్తి తానూ పడుతుంది, మనిషినీ పడవేస్తుంది. ఇతరుల మందపై పడుతుంది. అడవి పందులకొరకు చేలగట్లపై పెట్టే నాటుబాంబును తిండి అనుకొని కొరికి నోరు పగిలి చస్తుంది. ప్రక్కనే ఉన్న మధుగిరి తాలూకా మైదనహళ్లిలో కృష్ణజింకల రక్షిత ప్రాంతం ఉన్నది. అటువంటి చోట్ల ఊరి కుక్కల గుంపు జింకపిల్లల పాలిట తోడేలే.

మధ్యేమార్గం కష్టమేమీ కాదు. పగలు నీడలో, తిరిగి పడుకొనుటకు వీలైనంత పొడుగు తాడు. ఉదయం, సాయంత్రం యజమాని వెంట నడక. రాత్రి దొడ్డిలో, ప్రహరీలో విడిచిపెట్టడం. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కూడా ఇదే చెబుతున్నది. మరీ పొట్టి లేక బరువైన గొలుసుతో అకారణంగా ఎక్కువసేపు కట్టడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను నడిపించకపోవడం, తిండీ నీరూ నీడా ఇవ్వకపోవడం, పెంచిన ప్రాణిని విడిచిపెట్టి పోవడం, ఇవన్నీ ఆ చట్టం ప్రకారం నేరాలే. జరిమానా స్వల్పమైనంత మాత్రాన తప్పు స్వల్పం కాదు.

‘రా’ అనవలెనా, ‘బా’ అనవలెనా?

సరిహద్దు ఇంటి కుక్కకు ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. అవ్వ తెలుగులో “రా” అంటుంది. కన్నడ బడిలో చదివే మనుమడు “బా” అంటాడు. తండ్రి చిటిక వేస్తాడు. అమ్మ “పో” అంటే, అక్క “హోగు” అంటుంది. కుక్క అందరి ముఖాలూ చూచి ఉన్నచోటనే నిలబడుతుంది. “దీనికి బుద్ధి లేదు” అని తీర్మానిస్తారు. లోపం కుక్కలో లేదు, ఇంటిలో ఉన్నది.

కుక్కకు భాష తెలియదు, శబ్దం తెలుసు. ఏ శబ్దానికి ఏ పని చేస్తే ఏమి దొరికినదో గుర్తుంచుకుంటుంది. కనుక ఇంటివారందరూ కూర్చొని ముందుగా ఒప్పందం చేసుకోవలెను. రమ్మనుటకు ఒక మాట, కూర్చోమనుటకు ఒక మాట, వద్దనుటకు ఒక మాట. తెలుగైనా సరే, కన్నడమైనా సరే, ఎప్పుడూ అదే మాట, అదే గొంతు. పిలిచినంతనే వస్తే చిన్న ముద్ద ముక్క, మెడపై ఒక నిమురు. పూటకు అయిదు పది నిమిషాలు చాలు. రెండు మూడు వారాలలో ఫలితం కనిపిస్తుంది.

కొట్టి నేర్పడం గురించి ప్రేమికులలోనే రెండు అభిప్రాయాలున్నవి. “దెబ్బ లేనిదే భయముండదు” అనేవారు ఒక విషయం గమనించవలెను. చెప్పు కొరికిన గంట తరువాత కొడితే, చెప్పుకూ దెబ్బకూ ఉన్న సంబంధం కుక్కకు అందదు. చేతికర్ర పట్టుకున్న మనిషి ప్రమాదకరం అని మాత్రమే అది నేర్చుకుంటుంది. తరువాత ఊతకర్రతో వచ్చే తాతను చూచినా పళ్లు చూపుతుంది. కుక్కపిల్ల మూడు వారాల నుండి మూడు నెలల వరకు ఏమి చూస్తుందో అదే దానికి లోకం. ఆ వయస్సులో పిల్లలు, ముసలివారు, మేకలు, బండ్లు, పండుగ చప్పుళ్లు మెల్లగా పరిచయమైతే పెద్దయిన తరువాత వాటికి బెదరదు. బెదరని కుక్క కరవడం అరుదు.

పిల్లలకు నేర్పవలసిన పాఠం

కుక్కకు నేర్పినంత శ్రద్ధగా పిల్లలకు కూడా నేర్పవలెను. మొరిగే కుక్క కరవదని సామెత. సామెతలన్నింటిలోనూ పిల్లలకు చెప్పకూడని సామెత ఇది. మొరిగే కుక్కా కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. తోక ఊపే కుక్క అంతా మిత్రమే అనుకోవడమూ పొరపాటే. తోక బిగిసి నిలువుగా లేచి, వీపు మీది వెంట్రుకలు నిక్కి, కన్ను తిప్పక చూస్తే అది హెచ్చరిక. చెవులు వెనుకకు వాల్చి, తోకను కాళ్ల నడుమ దాచి, మాటిమాటికి మూతి నాకుకుంటే అది భయం. భయపడిన కుక్కను తాకరాదు.

తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలతో ఉన్న తల్లి కుక్కను కదపరాదు. కుక్క వెంటపడినప్పుడు పరుగెత్తరాదు, పరుగెత్తే దానిని తరమడం దాని స్వభావం. చెట్టువలె కదలక నిలిచి, చేతులు ఛాతీకి ముడుచుకొని, దాని కళ్లలోకి చూడక నేల వైపు చూడవలెను. క్రింద పడిపోతే ముడుచుకొని ముఖాన్ని, మెడను చేతులతో కప్పుకోవలెను. కరచిన విషయం ఇంటిలో చెబితే దెబ్బలు పడతాయన్న భయం పిల్లలకు ఉండరాదు. చిన్న గీతయే గదా అని దాచిన పిల్లలే ఎక్కువగా ప్రమాదంలో పడతారు.

కుక్క కాటుకు సబ్బునీరు

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నది మరొక సామెత. నిజమైన మందు సబ్బునీరు.

రేబీస్ వ్యాధిని తెలుగువారు పిచ్చికుక్క రోగమంటారు, కన్నడిగులు హుచ్చునాయి రోగమంటారు. ఆ వైరస్ కుక్క చొంగలో ఉంటుంది. గాయంలో ప్రవేశించి, రక్తంలో కాక నరాల వెంట మెల్లగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. కొన్నిసార్లు కొద్ది రోజులే, అరుదుగా ఏడాదికి పైగా కూడా పట్టవచ్చును. తలపై, ముఖంపై, చేతిపై కాటైతే దారి దగ్గర. అందుకే పొట్టిగా ఉండే పిల్లలకు ముప్పు ఎక్కువ. మెదడును చేరి నీటిని చూచి భయపడే స్థితి వచ్చిన తరువాత ఏ వైద్యుడూ దాదాపుగా ఎవరినీ బ్రతికించలేడు. కానీ చేరకముందు ఆపడం పూర్తిగా సాధ్యం. ఈ వ్యాధికి గల వింత గుణమిదే: వచ్చిన తరువాత మందు లేదు, రాకముందు మందు తప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59 వేలమంది రేబీస్‌తో మరణిస్తున్నారు. అందులో దాదాపు మూడవ వంతు భారతదేశంలోనే. మనుషులకు వచ్చే రేబీస్‌లో నూటికి 99 వంతులు కుక్కల ద్వారానే.

కరచిన వెంటనే చేయవలసినది ఇది. పారే నీటి క్రింద, లేక చెంబుతో ధారగా పోస్తూ, బట్టల సబ్బయినా సరే పట్టించి పదిహేను నిమిషాలు గాయాన్ని కడగవలెను. ఈ కడుగుడే సగం చికిత్స. తరువాత అయోడిన్ వంటి మందు ఉంటే పూయవచ్చును. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టరాదు. కట్టు బిగించరాదు. మంత్రం వేయించాలన్న నమ్మకం ఉన్నవారు దానిని సూది వేయించుకున్న తరువాత పెట్టుకోవలెను, ముందు కాదు.

ఆపై ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడ గాయాన్ని మూడు తరగతులుగా చూస్తారు. చెక్కు చెదరని చర్మాన్ని కుక్క నాకితే టీకా అవసరం లేదు. రక్తం రాని గీతలు, పంటి నొక్కులు ఉంటే టీకా కావలెను. రక్తం వచ్చిన కాటు, గాయంపైనో నోటిపైనో నాకడం అయితే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే రక్షకద్రవ్యం కూడా ఎక్కించవలెను. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటివరకు గాయం వద్ద కాపలా కాసేది ఈ ద్రవ్యమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది లేకపోతే తాలూకా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో అదే రోజు పోవలెను.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం ఇప్పటికీ పెద్దలను వెనుకకు లాగుతున్నది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా మన దేశంలో నిలిచిపోయి ఇరవై ఏండ్లు కావస్తున్నది, దాటినది కూడా. ఇప్పటి టీకా చేతికే వేస్తారు. చర్మంలోనికి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు. కండరానికి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తరువాత 3, 7, 14, 28 రోజులకు. రెండు సూదులు వేసిన తరువాత గాయం మానినదని మానివేయరాదు. గాయం మానడం వేరు, వైరస్ చావడం వేరు.

సరిహద్దు కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రత్యేక జాగ్రత్త కావలెను. కాటు పావగడ పల్లెలో పడవచ్చును, మూడవ రోజు సూది నాటికి పిల్లవాడు మడకశిరలో అమ్మమ్మ ఇంట ఉండవచ్చును. టీకాకు రాష్ట్రపు గీత లేదు. మొదటి ఆసుపత్రి ఇచ్చిన చీటీని భద్రంగా ఉంచి, ఎక్కడికి పోతే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపి మిగిలిన సూదులు వేయించుకోవలెను. చీటీ కన్నడంలో ఉన్నా తెలుగులో ఉన్నా తేదీలూ అంకెలూ వైద్యునికి అర్థమవుతాయి. చీటీ పోతుందన్న అనుమానమున్నవారు ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవడం మేలు.

కరచిన కుక్కను చంపరాదు. దానిని పది రోజులు దూరం నుండి గమనించవలెను. పది రోజుల తరువాత కూడా అది ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరచిన నాడు దానికి రేబీస్ అంటించే శక్తి లేనట్లే. ఆ సమాచారంతో మిగిలిన సూదులను గురించి వైద్యుడు నిర్ణయిస్తాడు. అయితే పది రోజులు చూచి సూది మొదలుపెడదామనుకోవడం ప్రాణాంతకం. సూది ఆనాడే, గమనింపు దానితో పాటు. ఆవునో గేదెనో పిచ్చికుక్క కరచినా పశువైద్యుని పిలిచి వరుసగా టీకాలు వేయించవలెను. మేత మింగలేక చొంగ కార్చే పశువు గొంతులో ఏదో అడ్డుపడినదనుకొని వట్టి చేయి పెట్టరాదు. సంచార పశువైద్య వాహనానికి 1962 అంకెకు ఫోను చేయవచ్చును.

పిల్లలు ఎవరివి?

రేబీస్‌ను ఆసుపత్రిలో కాదు, వీధిలోనే ఆపవలెను. ఊరి కుక్కలలో నూటికి 70 కుక్కలకు టీకా పడితే వైరస్‌కు ఒకదాని నుండి మరొకదానికి పాకే దారి మూసుకుపోతుంది. ఇది పుస్తకాల మాట కాదు. కర్ణాటకకు పొరుగున ఉన్న గోవాలో 2013 నుండి 2019 వరకు వీధివీధి తిరిగి కుక్కలకు టీకాలు వేసినారు, బడులలో ఏటా లక్షన్నర పిల్లలకు పాఠాలు చెప్పినారు. ఫలితంగా కుక్కలలో రేబీస్ నెలవారీ కేసులు నూటికి 92 వంతులు తగ్గినవి, మనుషుల మరణాలు ఆగినవి. మనదేశం కూడా 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను తుడిచివేయాలని 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటించినది.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి రేబీస్ టీకా, పశువైద్యుడు చెప్పిన గడువుకు రెండవది, ఆపై ఏటా ఒకటి. టీకా వేసిన తేదీని ఇంటి క్యాలెండరుపై వ్రాసుకుంటే మరువరు. ప్రపంచ రేబీస్ దినమైన సెప్టెంబరు 28న చాలా చోట్ల ఉచిత శిబిరాలు పెడతారు.

సంతాన నియంత్రణ పాపమని కొందరి అభిప్రాయం. ఒక ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు, ఈతకు నాలుగయిదు పిల్లలు. మగపిల్లను ఎవరో ఒకరు అడిగి తీసుకుపోతారు. ఆడపిల్లలను గోనెసంచిలో మూటకట్టి ఊరి పొలిమేర దాటించి, అటువైపు రాష్ట్రంలోనో ఇటువైపు రాష్ట్రంలోనో రోడ్డు ప్రక్కన విడిచి వస్తారు. కళ్లు సరిగా తెరవని ఆ పిల్లలు ఆకలికీ లారీ చక్రాలకూ పోతాయి. బ్రతికినవి మరొక ఊరికి “ఎవరి కుక్కో” అవుతాయి. ఏది పాపమో అప్పుడు ఆలోచించవలెను. ఆపరేషన్ వలన కుక్క కాపలా మానదు, సోమరి కాదు. మగకుక్కలు ఆడకుక్కకొరకు గుంపుకట్టి పోట్లాడటం తగ్గుతుంది, ఆ గుంపుల వద్ద జరిగే కాట్లు కూడా తగ్గుతాయి.

చట్టం చెప్పేది, పంచాయతీ చేయవలసినది

విషం పెట్టి కుక్కలను చంపడం పరిష్కారం కాదు, నేరం. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా అంగహీనం చేసినా అయిదేండ్ల వరకు శిక్ష పడవచ్చును. అదే సంహితలోని 291వ సెక్షన్, పెంచిన జంతువు వలన ఇతరులకు ప్రమాదం కలుగకుండా చూడని యజమానికి ఆరు నెలల వరకు జైలో, అయిదు వేల రూపాయల వరకు జరిమానాయో, రెండూనో విధిస్తుంది. అనగా చట్టం కుక్క వైపూ ఉన్నది, కరవబడిన మనిషి వైపూ ఉన్నది.

2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా చేసిన కుక్కలను పట్టిన చోటనే విడువవలెనని, పిచ్చి పట్టినవాటిని, ఉగ్ర స్వభావం గలవాటిని మాత్రం విడువరాదని, తిండి పెట్టుటకు ప్రత్యేక స్థలాలు చూపవలెనని చెప్పినది. ఆ ఏడు నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల నుండి వీధి కుక్కలను తరలించి, తిరిగి అక్కడ విడువరాదని ఆదేశించినది. ప్రేమికులలో దీనిపై భిన్నాభిప్రాయాలున్నవి. తరలించిన చోట వాటికి తిండి ఎవరు పెడతారన్న ప్రశ్న న్యాయమైనదే. బడి ఆవరణలో పిల్లవాడు భయం లేక తిరగవలెనన్న కోరికా న్యాయమైనదే. రెంటికీ సమాధానం గ్రామసభలోనే దొరకవలెను. మధ్యాహ్న భోజనం ఎంగిలిని గేటు బయట కుప్ప పోయక దూరంగా ఒక స్థలం చూపడం వంటి చిన్న పనితో అది మొదలు కావచ్చును.

యజమాని ఎవరు?

ప్రతి ఇల్లూ ఒక కుక్కను కొని కట్టుకోవలెనని దీని అర్థం కాదు. ఏ వాకిట కుక్క రోజూ ముద్ద తింటుందో, ఆ ఇల్లు దానికి ఒక పేరు పెట్టవలెను. ఏడాదికొక టీకా వేయించవలెను. ఆడదైతే ఆపరేషన్ చేయించవలెను. మెడకు ఒక పట్టీ కట్టవలెను. ఒక ఇంటికి భారమైతే నాలుగిళ్లు కలిసి పంచుకోవలెను. వీధిలో ఇరవై కుక్కలుంటే, అందులో పద్నాలుగింటికి ఇట్లు యజమానులు ఏర్పడినా ఆ వీధిలో రేబీస్‌కు చోటుండదు.

వెయ్యేండ్ల క్రితం ఒక వీరుడు చచ్చిన కుక్కకు రాయి నిలిపినాడు. నేటి వాకిటి కుక్క రాయిని అడగదు, భూదానమూ అడగదు. రాత్రి మొరిగినప్పుడు “మన కుక్క” అన్న నోరే, పగలు పశువైద్యశాల చీటీలో యజమాని పేరు అడిగినప్పుడు “మాదే” అనగలిగితే చాలు.